మా ఇంటి పార్లమెంటు ఓటు

కర్పూరం పళ్ళెం పట్టుకుని ఊరంతా తిరిగిన మా ఆయన, చివరికి సొంత ఇంటి పెరట్లోకి వచ్చేసరికి ఆగిపోయాడు.

ఎన్నికల ముందు మా ఊళ్ళో ఇదొక పద్ధతి. పార్టీ తరపున బూత్ చూసుకునే మనిషి ఇంటింటికీ వస్తాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తాడు. ఇంట్లోవాళ్ళు దాని మీద చెయ్యి చాపి ఫలానా గుర్తుకే వేస్తామని ఒట్టు పెట్టుకుంటారు. ఈసారి ఆ పని మా ఆయన సంతోష్‌కుమార్‌ది. చోడవరంలో ఎరువుల కొట్టు మధ్యాహ్నానికే మూసేసి, వడ్డాది రోడ్డులో ఉన్న మా ఊరికి వచ్చేసి, చీకటి పడేదాకా ఇదే తిరుగుడు.

పెరట్లో మా అత్తయ్య కనకమహాలక్ష్మి, నేను కొత్త చింతపండు పిక్కలు తీస్తున్నాం. ఆయన వచ్చి పళ్ళెం మా మధ్య పెట్టాడు.

"అమ్మా, ఊరందరూ ఏసేసేరు. నువ్వూ ఒట్టెయ్యి."

"దేనికిరా?"

"రెండోట్లూ మనోళ్ళకే అని. ఎమ్మెల్యేదీ, పార్లమెంటుదీ."

"ఎమ్మెల్యేది మీ నాన్న సెప్పినోడికే కదా. ఎప్పుడూ అంతే."

"మరి పార్లమెంటుది?"

అత్తయ్య ఒక పిక్క తీసి బుట్టలో పడేసింది.

"సరే, కర్పూరమొద్దు. నా తల మీద సెయ్యెట్టి సెప్పు, సాలు" అంటూ ఆయన గొంతుక్కూర్చుని తల వంచాడు. మాడు మీద జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది. అత్తయ్య చెయ్యి అలవాటుగా లేచింది. లేచి, గాలిలోనే ఆగింది. చింతపండు అంటిన వేళ్ళు చీర కొంగుకి తుడుచుకుని చేతిని ఒళ్ళోకి తీసేసుకుంది.

"నీ తల మీద సెయ్యెయ్యడానికి మధ్యలో ఓటెందుకురా. లే, బువ్వ తిందువు గాని."

ఆయన లేచాడు గానీ తినలేదు. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేశాడు. పొద్దున్నే వెళ్ళి పార్టీ ఆఫీసులోనే తినేవాడు. అత్తయ్య రోజూ క్యారేజీ కట్టి నా చేత పంపించేది. ఒకసారి వంకాయ, ఒకసారి ఎండు చేపల పులుసు. క్యారేజీ ఖాళీగానే తిరిగొచ్చేది, కానీ ఆయన తిన్నాడో, ఆఫీసులో ఎవరికైనా పెట్టేశాడో మాకు తెలిసేది కాదు.

ఆయనకీ ఒక ఇబ్బంది ఉంది. మా బూత్‌కి క్రాస్ ఓటింగు బూత్ అని పేరు. పార్టీ వాళ్ళు పాత లెక్కలు చూపించి మరీ అడిగారట. రెండువేల తొమ్మిదిలో అంతే, పద్నాలుగులో అంతే, పంతొమ్మిదిలో అంతే. ఎమ్మెల్యేకి ఒకవైపు పడిన ఓట్లు పార్లమెంటుకి వచ్చేసరికి చెల్లాచెదురు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇంత తేడా లేదు. "నీ ఊళ్ళో ఎవరో పని గట్టుకుని చేస్తున్నారు, కనిపెట్టు" అని పెద్ద నాయకుడు అందరి ముందూ అన్నాడు. ఈసారి అలా జరగనివ్వనని మా ఆయన మాటిచ్చి వచ్చాడు.

ఆ తేడా ఎక్కడ పుడుతోందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. మా పెరట్లో.

అది మొదలుపెట్టింది మా అత్తయ్య అత్తగారు, అచ్చియ్యమ్మ. ఎనభై తొమ్మిదిలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఎన్నికలు కలిసి వచ్చాయి. మనిషికి రెండేసి కాగితాలు. గులాబీది ఎమ్మెల్యేకి, తెల్లది ఎంపీకి. మా మామయ్య పరదేశి ఆడవాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, గులాబీ కాగితం మీద ముద్ర ఎక్కడ వెయ్యాలో సుద్దముక్కతో గచ్చు మీద గీసి చూపించాడట. రోడ్డు, కాలవ, రేషను కార్డు, పింఛను అన్నీ ఎమ్మెల్యే చూసే పనులే, పొరపాటు జరగకూడదు. అంతా అయ్యాక అచ్చియ్యమ్మ "మరి తెల్లదో?" అని అడిగింది.

"తెల్లదా? ఢిల్లీ ఎల్లినోడు మళ్ళీ మనూరొస్తాడేటి? మీకు నచ్చినోడికి ఏసుకోండి" అన్నాడట మామయ్య.

విసుగ్గా అన్న ఆ మాటని అచ్చియ్యమ్మ రిజిస్ట్రారు ఆఫీసులో రాయించుకున్నంత గట్టిగా పట్టుకుంది. అప్పటి నుంచి మా ఇంట్లో పార్లమెంటు ఓటు ఆడవాళ్ళది. చుట్టుపక్కల ఇళ్ళకీ అదే పాకింది. మగవాళ్ళు అరుగుల మీద ఎమ్మెల్యే గురించి కొట్టుకుంటుంటే, ఆడవాళ్ళు మా పెరట్లో కందులు చెరుగుతూనో, పిక్కలు తీస్తూనో తెల్లకాగితం గురించి మాట్లాడుకునేవాళ్ళు. చెరుకు ధర ఢిల్లీలో కడతారని రేడియోలో విని అచ్చియ్యమ్మే అందరికీ చెప్పింది. "రేటు అక్కడ కడతంటే ఈళ్ళు ఇక్కడ కొట్టుకుంటారేటే" అని నవ్వేదట. ఎవరు ఎందుకు బాగుంటారో, ఎందుకు బాగుండరో అందరూ చెప్పేవాళ్ళు. చివరికి ఎవరికి వేసిందీ మాత్రం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అదీ అక్కడి కట్టుబాటు.

రెండువేల నాలుగుకి నేను ఈ ఇంటికి కొత్త కోడల్ని. మా బూత్‌లో మొదటిసారి మిషన్లు పెట్టారు. అచ్చియ్యమ్మ తెల్లకాగితం అంటించిన మిషన్ దగ్గర మీట నొక్కి, కుయ్‌మని మోత రాగానే సంతృప్తిగా బయటికి నడిచింది. లోపలి నుంచి ఆఫీసరు "మామ్మా, మామ్మా, ఇంకోటి ఉంది, అదీ నొక్కి వెళ్ళు" అని కేకేశాడు.

"రెండోది మావోడిది బాబూ. ఆడొస్తాడు, ఆణ్ణే నొక్కమను" అంది మామ్మ.

ఒక మనిషికి రెండు ఓట్లున్నాయని, రెండూ తనవేనని, ఇన్నేళ్ళుగా ఆవిడకి తెలియక కాదు. కానీ కాగితాలప్పుడు రెండూ ఒకేసారి చేతికిచ్చేవారు, కొడుకు చెప్పిన చోట ముద్ర వేసి వాడి పని వాడికి చేసి పెడుతున్నాననుకునేది. రెండు మిషన్లు వేరువేరుగా కనిపించేసరికి, ఇది నాది, అది వాడిది అనుకుంది. ఊరంతా నెలరోజులు నవ్వారు. మామ్మ నవ్వలేదు. "తప్పేటన్నాను?" అని నన్ను అడిగింది.

మామ్మ పోయాక అత్తయ్య పెరటి సభ నడిపింది. తను మామ్మకి మేనకోడలు కూడా, మాట తీరంతా అదే. ఈసారి మాత్రం కొడుకు పళ్ళెం పట్టుకొచ్చిన రోజు నుంచి పెరట్లో మాటలు ఆగిపోయాయి. పక్కింటి అశ్విని చేట పట్టుకుని వచ్చినా అత్తయ్య కూరల గురించే మాట్లాడి పంపించేసింది.

పోలింగుకి రెండు రోజుల ముందు మా గౌతమి విశాఖపట్నం నుంచి బస్సులో దిగింది. డిగ్రీ చదువుతోంది. దానికిదే మొదటి ఓటు. వచ్చీ రాగానే నాయనమ్మ పక్కన కూర్చుని ఫోనులో మా పార్లమెంటు సీటు చరిత్రంతా తెరిచింది.

"నాయనమ్మా, మన సీట్లో ఇప్పటిదాకా ఎవరెవరు గెలిచారో అంతా ఉంది ఇందులో. తొంభై ఆరు చెప్పనా?"

"నువ్వు సెప్పడమేటే, నాను సెప్తాను. తొంభై ఆరులో పార్లమెంటొక్కటే వచ్చింది. ఎమ్మెల్యే లేడు కదా అని మగోళ్ళు ఒక్కడూ కదల్నేదు. ఎండ కూడాను. మీ పెద్దమామ్మ, మాయత్త, ముందు నడిస్తే ఎనకాల మేవందరం. లైన్లో అందరూ ఆడోళ్ళే. ఆఫీసరు భయపడిపోనాడు, ఈ ఊర్లో మగోళ్ళు లేరా అని."

"తొంభై ఎనిమిదో?"

"అదీ అంతే, పార్లమెంటొక్కటే. బెల్లం వండే రోజులు. సేతులు కడుక్కోకుండా ఎల్లిపోనాను. నా ఓటు కాయితం అంటుకుపోయి మడత రానేదు."

"తొంభై తొమ్మిది?"

"వాన. మీ నాన్నకి టైఫాయిడ్ వచ్చి లేచేడప్పుడే. ఆణ్ణి ఒగ్గీసి ఎల్లనన్నాను. మీ పెద్దమామ్మ ఆడి కాడ కూకుని నన్ను పంపింది, నానొచ్చేక ఆవిడెల్లింది." అత్తయ్య చీర కొంగు సర్దుకుంది. "మంచం మీద లేచి కూకుని, ఎవులికేసేవమ్మా అని అడిగేడు. సెప్పనన్నాను. నవ్వేడు. అప్పుడు కోపం రానేదు ఆడికి."

గౌతమి ఫోను పక్కన పెట్టి నాయనమ్మ భుజం మీద తల వాల్చింది. "ఇంతకీ నువ్వు వేసినవాళ్ళు ఎప్పుడైనా గెలిచారా?"

"గెలిచేరు, ఓడేరు. గెలిచినోళ్ళతో దెబ్బలాడాలనిపించింది, ఓడినోళ్ళ మీద జాలేసింది. అంతేనే గుంటా."

ఆ సాయంత్రం వంటింట్లో నేను అత్తయ్యకి దగ్గరగా వెళ్ళి నెమ్మదిగా అన్నాను. "అత్తయ్యా, ఊళ్ళో ఆడవాళ్ళందరూ కర్పూరం మీద చెయ్యి పెట్టారు. అందరూ అలాగే వేస్తారా ఏమిటి? మీరూ ఒట్టు వేసేసి, లోపల మీకు నచ్చింది నొక్కుకోండి. ఇంట్లో గొడవ తీరిపోతుంది."

అత్తయ్య నా వైపు అదోలా చూసింది.

"కర్పూరం మీదయితే ఏసీదాన్నే. ఆడి తల మీదా? ఏటయినా అయితే?"

"మరయితే ఈ ఒక్కసారికి ఆయన చెప్పినట్టే వేసేయండి."

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేసింది.

"సంధ్యా, ఈ ఇంట్లో ఏ సీర కొనాలో, ఏ పెళ్ళికెల్లాలో, నీకు ఎన్నో నెల్లో సీమంతం సెయ్యాలో అన్నీ పదిమందీ సెప్పినట్టే సేసేను. బాధపడనేదు. ఇదొక్కటే నా మనసులో నానే అనుకుని, నానే సేసీది. ఆడు నా ఆయుష్షడిగినా ఇస్తాను. ఇది ఇమ్మంటే సెయ్యి రావట్లేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆడు నాతో మాటాడకపోతే మాత్రం అన్నం దిగట్లేదు."

రెండూ నిజమే. నేను పొయ్యి సన్నం చేశాను.

మర్నాడు గొడవ ఇంకొంచెం ముదిరింది. మామయ్యకి షుగరు వల్ల రెండేళ్ళుగా చూపు లేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటామని ఎన్నికల సిబ్బంది అంతకుముందు అడిగితే, తను బూత్‌కే వస్తానన్నాడు. చూపు లేని మనిషికి తోడుగా ఒకరు లోపలికి వెళ్ళి, ఆయన చెప్పిన మీట నొక్కవచ్చు.

"నాన్నా, రేపు నిన్ను మేనమామ కొడుకు ప్రేమ్‌కుమార్ తీసుకెల్తాడు. నాను ఏజెంటుగా లోపల కూకోవాలి కదా" అన్నాడు మా ఆయన.

"ఆడెందుకు? మీ యమ్మ ఉంది కదా."

"అమ్మయితే..." ఆయన ఆగాడు. తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడని చూడకుండానే అన్నాడు. "పార్లమెంటు మిషన్ దగ్గర నువ్వు సెప్పింది నొక్కుతాదో, తనకి నచ్చింది నొక్కుతాదో!"

అత్తయ్య ముఖం మాడిపోయింది. మామయ్య మంచం పట్టీ మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

"ఒరే, నోరు ముయ్యి. దాని సెయ్యి అట్టుకుని బాత్రూంకెల్తన్నాను, భోజనానికెల్తన్నాను. దాని సెయ్యట్టుకునే ఓటుకెల్తాను. ఏటి నొక్కుతాదో నాకూ దానికీ ఉంది, నీకెందుకు?"

మా ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పోలింగు రోజు ఎండ ముదరక ముందే స్కూలు దగ్గరికి చేరాం. మామయ్య ఉతికిన పంచె, తెల్ల చొక్కా. అత్తయ్య చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తూ, దారిలో ఎవరు పలకరించినా గొంతు బట్టి పేరు చెప్పి పలకరిస్తున్నాడు. గౌతమి రాలేదు. సాయంత్రం స్నేహితురాలు దేవిశ్రీతో కలిసి వేస్తానంది. లైన్లో వాళ్ళిద్దరి వెనకే నేను.

లోపల గోడ పక్కన బెంచీ మీద ఏజెంట్లు కూర్చున్నారు. మా ఆయన అందులో రెండోవాడు. తల్లిదండ్రులు లోపలికి రాగానే ఓటర్ల జాబితాలోకి తల దించుకున్నాడు. ఆఫీసరు అత్తయ్య చేత తోడు వచ్చినట్టు ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, కుడిచేతి వేలికి సిరా పెట్టింది. మామయ్యకి ఎడమచేతి వేలికి. ఇద్దరూ కలిసి అట్టల చాటుకి వెళ్ళారు.

చూపు పోయినప్పటి నుంచి మామయ్యకి తన గొంతు ఎంత దూరం వెళ్తుందో అంచనా తెలియడం లేదు. గుసగుస అనుకుని ఆయన మాట్లాడినది గదంతా వినిపించింది.

"కనకం, ఇది తెల్లదేనా? గులాబీది తరవాత కదా?"

అత్తయ్య ఊఁ అన్నట్టుంది.

"ఈసారి ఏటనుకున్నారు మరి?"

"ఎవులు మావా?" అత్తయ్య గొంతు సన్నగా వచ్చింది.

"ఎవులేటి, మీరే. పెరట్లో. ఈసారి పిక్కలు తీస్తన్న సప్పుడే గానీ మాటల్లేవు. మీరు అనుకోకపోతే నానెవుడికెయ్యాలో నాకెలా తెలుస్తాది?"

గదిలో పెన్నుల చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు... మా మాటలు ఇనీవోడివా?"

"నా మంచం కాడ కిటికీ పెరట్లోకే కదే. మాయమ్మ ఉన్నప్పట్నించీ ఇంటన్నాను. ఈ ఊర్లో మీ కన్నా ఆలోసించి మాటాడినోడెవుడున్నాడు? పొద్దస్తమానం పేకాడుకునే మా జట్టా? మీరు బాగుందనుకున్నోడికే తెల్లది నానూ ఏసీవోణ్ణి."

బెంచీ మీద పక్క పార్టీ ఏజెంటు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అయినా ఆగలేదు. "సంతోషన్నా, క్రాస్ ఓటింగు దొరికిపోనాది! మీ ఇంట్లోనే ఉందన్నా!"

లైన్లో నవ్వులు. ఆఫీసరమ్మకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "తాతగారూ, గట్టిగా మాట్లాడకూడదండీ. అమ్మా, చెవిలో చెప్పండి, చెవిలో."

ఆ తర్వాత మాకు అత్తయ్య మాట వినిపించలేదు. మామయ్యది మాత్రం వినిపిస్తోంది. "ఊఁ... ఊఁ... అవునవును... మరి చెరుకు రేటు సంగతో?... ఊఁ... అదీ నిజమే." ఎన్నో ఏళ్ళుగా కిటికీ అవతలి నుంచి విన్న మనిషి మొదటిసారి పక్కన నిలబడి ప్రశ్నలడుగుతున్నాడు. వెనక లైన్లో ఎవరో "మావా, పొద్దెక్కిపోతంది" అని అరిచారు. చివరికి మిషన్ కుయ్‌మంది. గులాబీది వెంటనే అయిపోయింది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత అత్తయ్య తన ఓటు తను వేసింది. అది క్షణంలో అయిపోయింది. బయట వరండాలోకి రాగానే స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఉండగానే కళ్ళ నిండా నీళ్ళు.

"సూడు సంధ్యా, ఇన్నేళ్ళూ నోరిప్పనేదు సూడు ఈ మనిషి."

"ఇప్పితే మీరు పెరట్లోంచి వాకిట్లోకి మార్చీసీవోరు కదేటి సభ" అన్నాడు మామయ్య, ఎండలోకి కళ్ళు చిట్లించి.

మధ్యాహ్నం మా ఆయన తన బదులు ప్రేమ్‌కుమార్‌ని కూర్చోబెట్టి ఇంటికి వచ్చాడు. అన్ని రోజుల తరవాత భోజనం వేళకి ఇంట్లో ఆయన చెప్పుల చప్పుడు. అత్తయ్య పీట వేసి కంచం పెట్టింది. మామిడికాయ పప్పు, వడియాలు. ఆయన కలుపుకున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"నాన్న కూడానా?" అన్నాడు, కంచంలోకి చూస్తూ. "ఊరంతా ఎతికేనమ్మా నాను. ఎవులెవులి మీదో అనుమానపడ్డాను. ఆ సైకిల్ షాపు ఆయన్ని పట్టుకుని తిట్టేను కూడాను."

"ఎల్లి తప్పయిపోనాదని సెప్పు ఆయనకి."

"సెప్తాను." అన్నం కెలుకుతూ అడిగాడు. "నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వెప్పుడడిగేవురా? పళ్ళెం అట్టుకొచ్చేవు గానీ."

"అడిగితే సెప్పేదానివా?"

"ఎవులికేస్తానో సెప్పను. ఏటనుకుంటన్నానో సెప్పేదాన్ని. నువ్వనుకున్నదీ ఇనేదాన్ని. బాగుంటే నీ వోడికే ఏసుందునేమో. ముందే తల వంచీసి ఒట్టెయ్యమంటే ఇంకేటి మాటాడతాను?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అత్తయ్య నెయ్యి గిన్నె దగ్గరికి జరిపింది.

"ఇప్పుడడుగుతాను మరి. మా వోడికి ఎందుకెయ్యకూడదు?"

"నాదయిపోనాది కదరా. అదిగో, దానిదుంది. దాన్నడుగు."

గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్న గౌతమి తల ఎత్తింది. ఆయన కూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అంతవరకూ ఆ పిల్ల ఓటు తన లెక్కలో ఎప్పుడో కలిసిపోయింది. గొంతు సవరించుకుని మైకులో చెప్పే మాటలు మొదలుపెట్టాడు.

"నాన్నా, అవి విశాఖపట్నంలో రోజూ జీపు మైకుల్లో విన్నాను" అంది గౌతమి. "పార్టీ మాటలొద్దు. నువ్వు ఎందుకు వేస్తున్నావు? అది చెప్పు."

ఆయన ఎడమచేత్తో మెడ గోక్కున్నాడు. అప్పుడు నెమ్మదిగా కొట్టు గురించి చెప్పాడు. చెరుకుకి ఎరువు కొనేవాళ్ళు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నారని, రావికమతం వైపు రైతులు చెరుకు తీసేసి సరుగుడు చెట్లు వేసుకుంటున్నారని, సరుగుడు వేసినవాడు మళ్ళీ కొట్టు మెట్లెక్కడని. పార్లమెంటుకి నిలబడ్డ ఈ మనిషి ఒకసారి తన పక్కన కూర్చుని ఈ సంగతులన్నీ ఓపిగ్గా విన్నాడని, అంతకుముందు వచ్చినవాళ్ళెవరూ అలా వినలేదని. చెప్తున్నకొద్దీ ఆయన గొంతు మామూలుగా అయింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ దిగులు నాకు కూడా అలా విడమరిచి చెప్పలేదు.

"ఒరే సంతోషూ, కొంచెం గట్టిగా సెప్పరా" అని లోపలి గదిలోంచి మామయ్య కేకేశాడు. "సరుగుడు తరవాత ఏటన్నావో ఇనబడనేదు."

గౌతమికి నవ్వాగలేదు. అత్తయ్య మాత్రం నవ్వకుండా కొడుకునే చూస్తోంది.

"ఇన్నాడన్నావు. బాగుంది. మరి గెలిస్తే రేటు గురించి అక్కడ ఏటడుగుతాడంట?"

"అది..." ఆయన ఆలోచించాడు. "తెలీదమ్మా. నాను అడగనేదు."

"అడగాల్సింది."

"అడగాల్సిందే" అని ఒప్పుకుని, మజ్జిగ కోసం కంచం ముందుకు జరిపాడు. అత్తయ్య పోసింది.

ఎండ కొంచెం తగ్గాక వీధిలోంచి దేవిశ్రీ పిలిచింది. గౌతమి గుర్తింపు కార్డు తీసుకుని చెప్పులు వేసుకుంది. మా ఆయన అరుగు మీద నిలబడి, ఏదో అనబోయి, "గొడుగట్టుకెల్లు, ఇంకా ఎండుంది" అన్నాడు. అది గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. ఆయన దాని వెనకే బూత్‌కి బయలుదేరబోతుంటే జేబులో ఫోను మోగింది, పెద్ద నాయకుడి దగ్గర్నుంచి.

"సెప్పండి సార్... పోలింగు బాగానే ఉందండి, చానామంది వచ్చేరు... ఎమ్మెల్యేకి పర్వానేదండి." అటువైపు గొంతు పెరిగింది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూశాడు. "పార్లమెంటుకాండీ? తెలీదండి... లేదండి, నిజంగానే. మా ఇంట్లోదే నాకు తెలీదండి."